ఖాళీ ఇళ్ల ముందు పూలు

తిట్టినవాడి వల్ల ఒక్కోసారి మేలు జరుగుతుంది గానీ, మెచ్చుకున్నవాడి వల్ల కొంప మునుగుతుందని డియోలిండా అవీలాకు డెబ్బై రెండేళ్ల వయసులో తెలిసొచ్చింది.

మెచ్చుకున్నవాడు సిటీ ఆఫీసు ఇన్‌స్పెక్టర్ మొరిసాకి. పాప్లర్ బెండ్ మొబైల్ హోమ్ పార్కులో ఎన్ని ఇళ్లు ఖాళీగా పడున్నాయో లెక్క పెట్టడానికి వచ్చాడు. పార్కులో వీధులన్నీ కారులో నెమ్మదిగా తిరిగి, చిట్టచివరి ఇంటి దగ్గర కారు ఆపి అద్దం దించాడు. చివరి ఇల్లు డియోలిండాది. ఆవిడ ఆ సమయంలో తన ఇంటి ముందు లేదు. పక్కింటి ముందు నిలబడి, నీళ్ల గొట్టం పట్టుకుని, నీలంగా విరగబూసిన హైడ్రేంజియా పొదకు నీళ్లు పెడుతోంది.

"మేడమ్, ఇంత ముచ్చటైన పార్కు ఈ ఊళ్లో ఇంకోటి లేదండీ. మా ఆవిడ చూసిందంటే ఇక్కడే ఇల్లు కొందామని కూచుంటుంది" అన్నాడు.

డియోలిండా మొహం చాటంత అయింది. "ఏదో, ఉన్నంతలో శుభ్రంగా పెట్టుకుంటాం బాబూ. ఇంతకీ ఎన్ని తేలాయి?"

"మూడు."

"మూడేమిటి?"

"ఖాళీ ఇళ్లు. ఎనభైలో మూడు."

డియోలిండా చేతిలో గొట్టం పక్కకు తిరిగి ఆయన కారు తలుపు తడిసింది. "మూడేమిటయ్యా! ఇరవై ఉన్నాయి! ఇదిగో, ఈ ఇల్లే ఖాళీ. మా పక్కింటి ఐడెల్లా పోయి రెండేళ్లయింది!"

మొరిసాకి పొద వంక చూశాడు. కిటికీలకు ఉతికి ఇస్త్రీ చేసిన తెల్ల కర్టెన్ల వంక చూశాడు. ఊడ్చిన మెట్లు, మెట్ల మీద పగలు ఎండకు ఛార్జి అయి చీకటి పడితే తమంతట తామే వెలిగే చిన్న దీపాలు చూశాడు. "మరి ఇవన్నీ?"

"నేనే పెట్టాను."

"ఆ ఎదురింటి గులాబీలు?"

"అవి హార్లన్ చూసుకుంటాడు. ఆ పక్కిల్లు ఒబ్దూలియాది. అంటే ఆవిడ ఉండేది కాదు, ఆవిడ ఊడ్చేది."

ఇన్‌స్పెక్టర్ ఆ ఇళ్లన్నిటి వంకా మళ్లీ ఒకసారి చూశాడు. తరవాత చాలా మర్యాదగా, కడుపు మండిపోయేంత మర్యాదగా చెప్పాడు. "రూలు ఏమిటంటేనండీ, రోడ్డు మీంచి చూసినప్పుడు కాపురం ఉన్న ఆనవాళ్లు కనబడితే ఉన్నట్టే. అనుమానం వస్తే దిగి తలుపు తడతాను. మీ పార్కులో నాకు అనుమానమే రాలేదు."

"ఇప్పుడు చెబుతున్నాగా!"

"మీ మాట రాసుకుంటే కంపెనీ మాటా రాసుకోవాలి. అన్ని ఇళ్లలోనూ మనుషులున్నారని వాళ్లంటున్నారు. అద్దెల పట్టీ చూపించమంటే అది మా సొంత వ్యవహారం అంటున్నారు. మళ్లీ లెక్క పెట్టమని అర్జీ పెట్టుకోండి మేడమ్. వచ్చే నెల వస్తాను." అద్దం పైకెత్తుకుంటూ ఆఖరికి ఇంకో మాట కూడా అన్నాడు. "పూలు మాత్రం అద్భుతం."

పాప్లర్ బెండ్‌లో ఇల్లు మనది, ఇంటి కింద నేల మనది కాదు. నేలకు నెలనెలా అద్దె కట్టాలి. ఇళ్లు చక్రాల మీద వచ్చిన మాట నిజమే గానీ, ఒకసారి దించి, మెట్లు కట్టి, వసారా తగిలించి, పాతికేళ్లు ముప్పై ఏళ్లు కాపురం చేశాక లాగితే అవి కదలవు, విరుగుతాయి. ఆ సంగతి నేల యజమానికీ తెలుసు. నాలుగేళ్ల కిందట ఎక్కడో దూరాన ఉన్న కంపెనీ ఒకటి పార్కును కొన్నది. అప్పటినుంచీ ఎవరు పోయినా, ఎవరు ముసలాళ్ల ఆశ్రమంలో చేరినా, వాళ్ల ఇంటిని కంపెనీ కారుచౌకగా కొని తాళం వేస్తోంది. మళ్లీ ఎవరికీ ఇవ్వదు. అలా ఒక్కొక్కటీ ఖాళీ చేసుకుంటూ పోయి, చివరికి పిడికెడు మంది మిగిలాక, "పార్కు మూసేస్తున్నాం, మీ ఇళ్లు మీరు పట్టుకుపోండి" అనడం దాని ఎత్తు.

ఆ ఎత్తుకు పైఎత్తుగా సిటీ వాళ్లు ఒక రూలు పెట్టారు. ఊరికి అటు చివర ఉన్న పార్కు ఇలాగే గోడౌను అయిపోయి జనం చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యాక పెట్టిన రూలు. చేతులు కాలాక పట్టుకున్న ఆకులే అనుకోండి. నాలుగింట ఒక ఇల్లు ఖాళీ అయిందంటే, యజమాని నోరు తెరిచి చెప్పకపోయినా పార్కు మూస్తున్నట్టే లెక్క. అప్పుడు కంపెనీ సిటీ ముందు నిలబడాలి. మిగిలిన ప్రతి ఇంటికీ అది ఉన్న చోట ఉన్నట్టుగా ధర కట్టి, ఇంకోచోట ఇల్లు కొనుక్కునేంత డబ్బు ఇచ్చి పంపాలి.

ఆ డబ్బు వస్తే డియోలిండా కాలవ అవతల పార్కులో చిన్న ఇల్లు కొనుక్కుంటుంది. రాకపోతే మేనకోడలు లూర్డెస్ ఇంట్లో వెనక గది. ఆ గదిలో ఇప్పటికే మూడు కుక్కలు కాపురం ఉంటున్నాయి. లూర్డెస్ మంచిదే, రమ్మని రెండుసార్లు అన్నది కూడా. కానీ రెండుసార్లూ "కుక్కలకు నువ్వు అలవాటైపోతావులే అత్తా" అన్నది. కుక్కలు తనకు అలవాటు కావడం కాదు, తను కుక్కలకు అలవాటు కావాలట. డెబ్బై రెండేళ్ల మనిషి బతుకు అక్కడికొచ్చింది.

మరి ఈ పూల పిచ్చి ఎందుకంటారా? ఊళ్లో వాళ్లు పార్కులో ఉండేవాళ్లని ట్రైలర్ జనం, అంటే బండి కొంపల వాళ్లు అని చులకన చేస్తారు. కొట్లో అప్పు అడిగితే ఒక చూపు, బళ్లో పిల్లల్ని చేర్చడానికి వెళితే ఒక చూపు. పీచ్ పళ్లు డబ్బాల్లోకెక్కించే క్యానరీలో డియోలిండా ముప్పై ఏళ్లు పనిచేసింది. అక్కడ ఆవిడతో ఒకే బల్ల మీద అన్నం తిన్నవాళ్లు కూడా, ఇల్లెక్కడో తెలిశాక "ఓహో, అక్కడా" అన్నవాళ్లే. అందుకని పాప్లర్ బెండ్‌లో వాకిలి శుభ్రంగా ఉండటమంటే సరదా కాదు, పరువు. మొదటి ఇల్లు ఖాళీ అయి ముందు గడ్డి మోకాలెత్తు పెరిగేసరికి డియోలిండాకు నిద్ర పట్టలేదు. వెళ్లి కోసేసింది. రెండోది హార్లన్‌కు అంటగట్టింది. మూడోది ఇంకొకరికి. చివరికి పార్కులో ప్రతి ఖాళీ ఇంటికీ ఒక దిక్కు ఏర్పడింది. క్రిస్మస్‌కు ఖాళీ ఇళ్ల తలుపులకు ఆకుల దండలు కూడా కట్టారు. బయటివాడెవడూ వేలెత్తి చూపించకూడదని ఇంత చేశారు. ఎవడూ చూపించలేదు. అదే ఇప్పుడు ప్రాణం మీదికొచ్చింది.

ఆ వారం క్లబ్బు గదిలో అందరూ చేరారు. డియోలిండా తీపి రొట్టె చేసి తెచ్చింది గానీ దాని జోలికి ఎవరూ పోలేదు.

ముందు లేచినవాడు హార్లన్ ప్రూయిట్. ఒకప్పుడు పాల ట్యాంకరు నడిపేవాడు. ఇప్పుడు ముక్కులో గొట్టాలు, పక్కన చక్రాల మీద ఆక్సిజన్ సిలిండరు.

"ఈ సిలిండరు ఈడ్చుకుంటూ పోయి ఎదురింటి గులాబీలకు నీళ్లు పోశానే! ఎవరికోసం? కంపెనీకోసం! జీతం బత్తెం లేని తోటమాలిని!"

"నిన్నెవరు పొయ్యమన్నారు?" అంది డియోలిండా.

"నువ్వే! ఒక్కపూట పొయ్యకపోతే వచ్చి నా గుమ్మం ముందు నిలబడి దగ్గేదానివి. నువ్వు దగ్గితే నాకు ఊపిరాడేది కాదు."

"నీకు ఊపిరాడకపోవడానికి నా దగ్గు కాదు, నువ్వు నలభై ఏళ్లు కాల్చిన సిగరెట్లు కారణం."

"మీ ఇద్దరి పంచాయితీ తరవాత పెట్టుకుందురు గాని," అని అడ్డుపడింది ఒబ్దూలియా సెర్రానో. లాండ్రీలో పనిచేస్తుంది, ఇద్దరు పిల్లలు, చెవుడు వచ్చిన అత్తగారు. సిటీ ఆఫీసుకు రెండుసార్లు పోయి రూలు కనుక్కుని, మళ్లీ లెక్కకు అర్జీ పెట్టొచ్చింది కూడా ఆవిడే. "ఐడెల్లాగారి ఇల్లు కూడా కలిపితే సరిగ్గా ఇరవై అవుతాయి. ఎనభైకి ఇరవై, నాలుగింట ఒకటి. ఒక్కటి తగ్గినా రూలు మనకు పట్టదు. ఆయన వచ్చేసరికి ఖాళీ ఇల్లు ఖాళీ ఇల్లులాగే కనబడాలి. పూలు పీకేద్దాం, కర్టెన్లు తీసేద్దాం, దీపాలు తెచ్చేసుకుందాం."

"పార్కు దయ్యాల కొంపలా తయారవుతుంది" అంది డియోలిండా.

"దయ్యాల కొంపలా ఉంటేనే మనకు డబ్బులొస్తాయి దోన్యా డియోలిండా" అంది ఒబ్దూలియా. పెద్దావిడ కాబట్టి గౌరవంగా దోన్యా అంటుంది.

"ఇదేం రూలే అమ్మాయ్? చెత్తగా ఉన్నవాళ్లను కాపాడతారు, శుభ్రంగా ఉన్నవాళ్లను ముంచుతారా?"

"రూలు రాసినవాళ్లకు మీరు తెలియదు కదా" అంది ఒబ్దూలియా. అని, ఇంకో మాట గుర్తొచ్చి గొంతు పెంచింది. "ఇంకోటి కూడా అందరూ వినండి. లెక్క రోజున కాపురం ఉన్నట్టు రాసిన ఇంటికే డబ్బు. ఆయన తలుపు తట్టినప్పుడు ఇంట్లో ఉండి పలకండి. పనిమీద పోయామంటే కుదరదు. ఖాళీ అని రాసేశారంటే ఇక ఆ ఇంటికి ఏమీ రాదు."

మర్నాటి నుంచి పీకుడు మొదలైంది. ఎవరు పెంచిన పూలు వాళ్లే పీకారు. హార్లన్ గులాబీలు నరుకుతూ ముళ్లు గుచ్చుకున్న ప్రతిసారీ డియోలిండా పేరు పెట్టి తిట్టాడు. ఒబ్దూలియా పిల్లలు దీపాలు పోగుచేశారు.

ఐడెల్లా ఇంటి ముందు పొదను మాత్రం డియోలిండా పీకలేకపోయింది. డియోలిండా వాళ్లమ్మ టెర్సేరా దీవి నుంచి ఓడలో వస్తూ తడిగుడ్డలో చుట్టి తెచ్చిన కొమ్మకు పుట్టిన పొద అది. ఐడెల్లా ముచ్చటపడితే ఒక అంటు ఇచ్చింది. పీకలేను, నీళ్లు ఆపేస్తాను, అంతే అంది. అది పీకడం కంటే అన్యాయమని ఆవిడకు తెలియలేదు. జూలై ఎండలో నీళ్లు లేని హైడ్రేంజియా ఒక్కసారిగా చావదు. మధ్యాహ్నానికి తల వేలాడేస్తుంది, తెల్లారేసరికి మళ్లీ కొంచెం లేస్తుంది, ఇంకా ఆశ ఉన్నట్టు. రోజూ పొద్దున్నే డియోలిండా అలవాటు కొద్దీ గొట్టం పట్టుకుని పక్కింటి గట్టు దాకా పోయేది. గుర్తొచ్చి వెనక్కి తిరిగేది. కొళాయిలో నీళ్లుండి, చేతిలో గొట్టముండి పోయకపోవడం ఎంత పాపమో ఆవిడకు ఆ నెల తెలిసింది. ఇన్‌స్పెక్టర్‌ను తిట్టింది, రూలును తిట్టింది, కంపెనీని తిట్టింది. చివరికి చచ్చిపోయిన ఐడెల్లాను కూడా, "నువ్వు బతికుంటే నాకీ పాపం తప్పేది కదే" అని తిట్టింది.

పొద పూర్తిగా ఎండిన రోజునే పార్కులోకి లారీ వచ్చింది.

లారీ నిండా ఎర్ర ప్లాస్టిక్ కుండీలు. కుండీకొక పెటూనియా మొక్క. ముందు నడుస్తున్నవాడు పార్కు మేనేజర్ కిప్. నవ్వితే పళ్లన్నీ కనబడతాయి, పని చెబితే మనిషి కనబడడు. ఖాళీ ఇల్లు ఒక్కటీ వదలకుండా మెట్లకు అటొకటి ఇటొకటి కుండీలు పెట్టించుకుంటూ వస్తున్నాడు.

"ఏమిటయ్యా ఇదంతా?" అంది డియోలిండా గుమ్మంలోంచి.

"అలంకారం మిసెస్ అవీలా! ఇన్నాళ్లూ మీరు చేశారు, ఇప్పుడు ఓపిక తగ్గినట్టుంది. పోనీ మేం చేద్దామని. మిమ్మల్ని చూసే నేర్చుకున్నాం."

పుండు మీద కారం చల్లడమంటే ఇదే. డియోలిండా లోపలికి పోయి తలుపేసుకుంది. ఆవిడ పట్టపగలు తలుపేసుకోవడం పార్కులో ఎవరూ అంతకుముందు చూసి ఎరగరు.

నయం చేసింది హార్లనే. సాయంత్రం వీధిలో సిలిండరు ఈడ్చుకుంటూ ఆ చివర నుంచి ఈ చివరికి నడిచి, వచ్చి డియోలిండా మెట్ల మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వితే ఆయాసం, ఆయాసం వస్తే దగ్గు, దగ్గు తగ్గాక మళ్లీ నవ్వు.

"చూడవే! అన్ని ఇళ్లకూ అవే కుండీలు. అదే రంగు, అదే మొక్క. కాపురం ఉన్నవాళ్లెవరైనా అలా పెట్టుకుంటారా? ఇరవై మంది ఆడవాళ్లు ఒకే రకం కుండీ కొనుక్కున్నారంటే ఏ మగాడైనా నమ్ముతాడా? ఆ ఇన్‌స్పెక్టర్‌కి అనుమానం రాకపోతే నన్నడుగు. ఎర్ర కుండీ కనబడిన ప్రతిచోటా దిగి తలుపు తడతాడు."

మూడు వారాల తరవాత మొదటిసారి డియోలిండా ఆ రాత్రి కడుపునిండా తిన్నది.

లెక్క రోజు రానే వచ్చింది. అందరూ పనులు మానుకుని ఇళ్లలో ఉన్నారు. మొరిసాకి పది గంటలకు వస్తానన్నాడు. ఇంకా టైముండగానే ఒబ్దూలియా చెప్పులు కూడా లేకుండా పరిగెత్తుకొచ్చింది.

"కొంప మునిగింది! కిప్ వాళ్ల బావమరిది డ్వేన్ లేడూ, వాడు పెట్టె, పరుపు, టీవీ వేసుకుని మా పక్క ఖాళీ ఇంట్లో దిగాడు! ఒంటి మీద ఉత్త బనీనుతో కూచుని టీవీ చూస్తున్నాడు. తలుపు తడితే పలుకుతాడు. పంతొమ్మిదే అవుతాయి దోన్యా, పంతొమ్మిదే!"

నిమిషాల్లో వీధి చివర పదిమంది పోగయ్యారు. తలా ఒక మాట. డ్వేన్‌ను తన్ని తరిమేద్దామన్నారు ఒకరు. పోలీసులు వస్తే లెక్క ఆగిపోతుంది కదా అన్నారు ఇంకొకరు. ముల్లును ముల్లుతోనే తీయాలి, వాడు లేని మనిషిని ఉన్నట్టు చూపిస్తే మనం ఉన్న మనిషిని లేనట్టు చూపిద్దాం అన్నాడు హార్లన్.

"నేను తలుపేసుకుని పడుకుంటాను" అని కూడా అన్నాడు.

"నీ సిలిండరు బుసకొట్టడం వీధి మొదట్లోకే వినబడుతుంది" అంది డియోలిండా. "ఇంటి ముందు ట్రక్కు ఒకటి, మెట్లకు బదులు ర్యాంపు ఒకటి. నిన్ను దాచాలంటే ఇంటినే దాచాలి."

ఒబ్దూలియా ఇంట్లో పిల్లలు, పెద్ద గొంతుతో టీవీ వినే అత్తగారు. ఇంకొకరికి కుక్క. మరొకరికి వాకిట్లో రెండు కార్లు. ఒక్కొక్కరి పేరే అనుకోవడం, కాదనుకోవడం. అలా అనుకుంటూ పోగా పోగా మాటలు ఆగిపోయాయి. అందరూ ఎవరి కాళ్లు వాళ్లు చూసుకుంటున్నారు. డియోలిండా వంక మాత్రం ఎవరూ చూడటం లేదు.

ఆవిడకు ఒళ్లు మండింది. "ఏం, నోళ్లు పడిపోయాయా? నాకు కారు లేదు, కుక్క లేదు, మొగుడు లేడు. అడగండి!"

ఎవరూ అడగలేదు.

"అడగరు. నా నోటితో నేనే అనాలి, మీకు పాపం అంటకూడదు. అంతేగా? సరే, కానివ్వండి."

"వద్దు డియోలిండా" అన్నాడు హార్లన్. నవ్వులాట పోయింది ఆయన మొహంలో. "ఖాళీ అని రాస్తే నీకు డాలరు కూడా రాదు. ఆ కుక్కల గదిలోకి పోతావా?"

"పోతానో, పోట్లాడతానో అది నా చావు నేను చస్తాను. ఆ డ్వేన్ గాడు బనీనుతో కూచుని ఇంతమంది నోట్లో మట్టి కొడుతుంటే చూస్తూ ఊరుకోమంటావా? నాకు అది చేతకాదు. ఎక్కువసేపు నిలబెట్టారంటే మనసు మారిపోతుంది, త్వరగా తెమలండి!"

తెమిలారు. అంతవరకు ఆవిడ పోరు పడలేక పూలకు నీళ్లు పోసిన చేతులే ఆవిడ ఇంటిని వలిచేశాయి. కిటికీల కర్టెన్లు ఒకరు లాగారు. వసారాలో కుర్చీ, గాలికి గలగలలాడే గంటలు, మేరీమాత బొమ్మ ఉన్న పింగాణీ పలక ఇంకొకరు ఎత్తుకుపోయారు. ఆవిడ సొంత పూలకుండీలన్నీ హార్లన్ ట్రక్కు వెనక్కి చేరాయి. ఐడెల్లా ఇంటి ముందున్న ఎర్ర కుండీల్లో ఒకటి హార్లన్ తానే మోసుకొచ్చి డియోలిండా మెట్ల మీద పెట్టాడు. పెట్టి, ఆవిడ వంక చూడకుండా వెళ్లిపోయాడు.

కూలరు ఆపేయాల్సి వచ్చింది, చప్పుడు వినబడుతుందని. పొయ్యి మీద ఆకుకూర సూపు ఆపేసింది. తలుపు లోపల గడియ వేసుకుని, కిటికీలోంచి కనబడకుండా తలుపు పక్కన గోడకు ఆనుకుని నేల మీద కూచుంది. రేకు ఇల్లు. కూలరు ఆగాక పొయ్యి మీద పెట్టిన గిన్నెలో కూచున్నట్టే ఉంది. చెమట కళ్లలోకి కారుతోంది.

చాలాసేపటికి అడుగుల చప్పుడు. మెట్ల మీద బూట్లు. తలుపు మీద మూడు దెబ్బలు.

డియోలిండా చెయ్యి దానంతట అది గడియ మీదికి పోయింది. ఈ ఇంటికి వచ్చి తలుపు తట్టిన మనిషికి తలుపు తీయని రోజు లేదు. తలుపు తీయడం, కూచోమనడం, కాఫీ పెట్టడం. చేతిని రెండో చేత్తో పట్టుకుని కిందికి దించుకుంది.

"అరెరె, ఇది మిసెస్ అవీలా ఇల్లండీ" అంటోంది కిప్ గొంతు. "ఆవిడ లోపలే ఉంటుంది. గట్టిగా తట్టండి."

"పొద్దుట్నించీ ఎర్ర కుండీ ఉన్న ప్రతి ఇంటి ముందూ ఇదే మాట చెబుతున్నారు" అన్నాడు మొరిసాకి. "దీనికి ముందు దీనికి ముందు ఇరవై తలుపులు తట్టాను. పలికింది ఒక్క ఇంట్లోనే."

"అవి వేరు, ఇది వేరు! ఈవిడ నిజంగా ఉంటుందండీ!"

"అంటే మిగతా ఇళ్లలో నిజంగా ఉండటం లేదా?"

బయట కిప్ బూట్లు మెట్ల మీద అటూ ఇటూ కదిలాయి.

"పోనీ, అద్దెల పట్టీ చూపించండి. ఈవిడ పేరుంటే ఉన్నట్టే రాసుకుంటాను. మిగతావి కూడా అందులోనే చూసుకుందాం."

"అది... అది కంపెనీ సొంత వ్యవహారం" అన్నాడు కిప్. అని, ఉక్రోషం పట్టలేక తలుపు మీద అరచేత్తో బాదాడు. "మిసెస్ అవీలా! లోపలున్నారని నాకు తెలుసు! ముప్పై ఏళ్ల నుంచీ ఉంటున్నారు ఇక్కడ! లెక్కలో లేకపోతే మీకు పైసలు రావు, అర్థమవుతోందా? మీ మేలు కోరి చెబుతున్నాను, తలుపు తీయండి!"

ముప్పై ఏళ్ల నుంచీ ఉంటున్నారు. కొళాయి చెడిపోయిందని ఆరు నెలలు మొత్తుకున్నప్పుడు ఈ ముప్పై ఏళ్లు వాడికి గుర్తు రాలేదు. ఇప్పుడు వచ్చింది. పైగా వాడు చెప్పేది అబద్ధం కూడా కాదు, అదే ఆవిడకు మరీ మంటగా ఉంది.

మొరిసాకి మళ్లీ మాట్లాడాడు. ఈసారి కిప్‌తో కాదు. గొంతు తలుపుకు దగ్గరగా, తగ్గి వచ్చింది. పొయ్యి మీద సూపు వాసన బయటికి పోతోందేమో ఆవిడకు తెలియదు.

"లోపల ఎవరైనా ఉంటే ఇప్పుడు పలకాలి. నేను రాసేశాక మార్చడం నా చేతిలో ఉండదు."

ఆయన తొందరపడలేదు. నిలబడ్డాడు. ఎంత మర్యాదస్తుడో అంత మర్యాదగా నిలబడ్డాడు. ఆ నిలబడినంతసేపూ డియోలిండాకు లూర్డెస్ ఇంటి వెనక గది కనబడింది. కుక్కల వాసన వచ్చింది. హార్లన్ ఎక్కడికి పోతాడు, ఆ సిలిండరుతో? ఒబ్దూలియా ఆ పిల్లల్ని వేసుకుని? అయినా వాళ్లెవరు నాకు, ఒక్కడైనా వద్దని గట్టిగా పట్టుకుని ఆపాడా అనుకుంది. హార్లన్ అన్నాడు గానీ, ఆపలేదు. నేనున్నాను అని ఒక్క మాట అంటే చాలు. రెండడుగుల దూరంలో ఉన్నాడు మనిషి. వంటింటి తువ్వాలు తీసి నోట్లో కుక్కుకుంది.

"ఖాళీ" అన్నాడు మొరిసాకి. "ఇరవై. నాలుగింట ఒకటి అయింది. పార్కు మూస్తున్నట్టే సిటీలో రాసుకుంటాం. కంపెనీవాళ్లను ఆఫీసుకు రమ్మని చెప్పండి."

బూట్లు మెట్లు దిగాయి. కాసేపటికి వీధిలో ఎవరో చప్పట్లు కొట్టారు, హార్లన్ ట్రక్కు హారను ఆగకుండా మోగింది, ఒబ్దూలియా పిల్లలు అరుస్తున్నారు. ఇన్‌స్పెక్టర్ కారు ఇంకా వీధిలోనే ఉంది. అది గేటు దాటేదాకా డియోలిండా కదలడానికి లేదు. ఏడుపొచ్చింది. కోపమో దుఃఖమో ఆవిడకే తెలియలేదు గానీ గుండెలు పగిలేలా వచ్చింది. తువ్వాలు ఇంకా గట్టిగా కొరికిపట్టి, చప్పుడు బయటికి రాకుండా ఏడ్చింది. ఆ ఇంట్లో ఎవరూ లేరు కదా.